సాల్మన్‌లో ఒమేగా-3 సగం ఎలా అయింది?

పెంపకం సాల్మన్‌కు ఏ నూనె మేపాలన్న గొడవ చేపనూనె ధర పెరిగినప్పుడల్లా లేస్తుంది. 2023లో పెరూ, చేపనూనె తీసే చిన్న చేప ఆంకోవీ వేట తొలి సీజన్‌ను రద్దు చేశాక ఆ ధర ఆకాశాన్నంటింది. దాంతో అందరి చూపూ మొక్కల నూనె మీదకే మళ్లింది.

నార్వే దాణాలో 1990లో 90 శాతం దాకా ఉన్న సముద్రపు సరుకు (చేపనూనె, చేపపొడి) 2013కి 30 శాతానికి దిగింది. చేపనూనె చాలకే ఇలా జరిగిందంటుంది పరిశ్రమ. అది సగం నిజమే. నా లెక్కలో అసలు మలుపు 2004 జనవరి. పెంపకం సాల్మన్‌లో, ముఖ్యంగా యూరప్ చేపల్లో, పీసీబీల్లాంటి (పరిశ్రమల్లో వాడిన రసాయనాలు) విషాలు సముద్రంలో పట్టినవాటికన్నా ఎక్కువున్నాయని 'సైన్స్' పత్రికలో అధ్యయనం వచ్చింది. వేలు చూపింది దాణాలోని చేపనూనె వైపే. పరిమితి దాటలేదు, తినొచ్చని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ చెప్పినా జనం జంకారు. అంతవరకూ చవక సరుకైన రేప్‌సీడ్ (ఆవాల జాతి మొక్క) నూనెకు ఒక్కసారిగా శుభ్రమైనదన్న పేరొచ్చింది. విషంతోపాటు ఒమేగా-3 అనే మేలు చేసే కొవ్వు కూడా జారిపోతోందన్న సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

మన చెరువుల్లో తవుడు, చెక్క మేపడం వింతేమీ కాదు. సాల్మన్ మాత్రం పుట్టు మాంసాహారి. రేప్‌సీడ్ నూనెలో ఉండే ఏఎల్‌ఏ కూడా ఒక రకం ఒమేగా-3నే కానీ, గుండెకు మంచివని డాక్టర్లు చెప్పే ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రకాలు అందులో ఉండవు. వాటిని సాల్మన్ సొంతంగా తయారుచేసుకునేది కొద్దిగానే. విరుగుడు తెలియక కాదు. చేపను పట్టే ముందు కొన్ని నెలలు మళ్లీ చేపనూనె మేపితే పోయింది చాలావరకు తిరిగొస్తుందని స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీ అప్పట్లోనే తేల్చింది. అదే యూనివర్సిటీ 2016లో చెప్పిన లెక్క చూస్తే ఆ ఖర్చుకు ఎక్కువమంది సిద్ధపడినట్టు లేదు. వారానికి కావలసిన ఒమేగా-3కి 2006లో 130 గ్రాముల ముక్క ఒకటి సరిపోయేది, 2015కి రెండు తినాల్సి వచ్చింది.

ఒమేగా-3లో ఇప్పటికీ చాలా చేపలకన్నా మాదే మెరుగని పరిశ్రమ వాదన. అదీ నిజమే. మొక్కల నూనెలోనే ఆ లోటు తీర్చే దారీ ఉంది: సూక్ష్మ శైవలాల (కంటికి కనపడనంత చిన్న నాచు) జన్యువులతో డీహెచ్‌ఏ ఇచ్చే కనోలా (రేప్‌సీడ్‌లో ఒక రకం) సాగుకు ఆస్ట్రేలియా 2018లో అనుమతిచ్చింది. కానీ జన్యుమార్పిడి అంటేనే యూరప్‌లో చాలామంది మొహం తిప్పుకుంటారు.

ఇక లేబుల్ సంగతి. యూరప్‌లో 'ఒమేగా-3 పుష్కలం' అని వేసుకోవడానికి 100 గ్రాములకూ, 100 కేలరీలకూ కూడా ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి 80 మిల్లీగ్రాములు ఉంటే చాలు. 2006 నాటి చేపా, 2015 నాటి చేపా రెండూ సులువుగా పాసవుతాయి.