ఎర్ర మాత్ర ఎందుకు మిగిలిపోతోంది?

ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రల అట్టలు కొన్ని ఇళ్లలో సగం వాడినవి సగం వాడినట్టే బీరువాలో ఉండిపోతాయి. "తనకే శ్రద్ధ లేదు" అని గర్భిణిని ఇంట్లోవాళ్లు అంటారు, ఆసుపత్రిలోనూ విసుక్కుంటారు. నాకు ఆ మాట చాలా అన్యాయంగా తోస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైనే. కడుపుతో ఉండగా వాడాల్సిన 180 రోజులూ మాత్రలు వేసుకున్న తల్లులు మాత్రం దేశం మొత్తం మీద 26 శాతమే. నలుగురిలో ముగ్గురు చేయలేని పనికి ఒక్కొక్కరి బద్ధకాన్ని కారణంగా చూపలేం.

కడుపుతో ఉన్నప్పుడు రక్తంలోని ద్రవభాగం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఎర్రకణాలు అంతగా పెరగవు కాబట్టి హిమోగ్లోబిన్ కొంత తగ్గడం సహజం. అది 11 గ్రాముల కన్నా దిగువకు పోతే రక్తహీనత అంటారు. కాన్పు వరకు తల్లికి అదనంగా కావలసిన ఐరన్ సుమారు 1000 మిల్లీగ్రాములు. అందులో 300 దాకా బిడ్డకూ మాయకూ పోతుంది, అంతకన్నా ఎక్కువ భాగం తల్లి సొంత ఎర్రకణాల తయారీకే ఖర్చవుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఐరన్‌లో ఒంటికి పట్టేది కొద్దిగానే. అందుకే నాలుగో నెల నుంచి రోజుకొక ఎర్ర మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి.

మాత్ర మింగినంత మాత్రాన ఐరన్ రక్తంలో చేరదు. పొద్దున టిఫిను తిని, మాత్ర నోట్లో వేసుకుని, చేతిలో ఉన్న టీతోనే మింగేసే అలవాటు చాలామందికి ఉంది. టీలోని టానిన్లు పేగులోనే ఐరన్‌ను పట్టేసుకుంటాయి, అది ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. పాలూ, కాల్షియం మాత్రా కూడా దీనికి అడ్డే. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఒకేసారి రెండు రకాల మాత్రలు చేతిలో పెట్టినప్పుడు ఈ సంగతి విడమరచి చెప్పాలి, ఆ రద్దీలో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. నిమ్మరసం, జామ, ఉసిరి వంటివి మాత్రం ఐరన్ ఒంటపట్టడానికి తోడ్పడతాయి.

మాత్రల వల్ల కలిగే బాధ కూడా నిజమే. ఒంటికి పట్టని ఐరన్ పేగుల్లో ఉండిపోయి మలబద్ధకం తెస్తుంది, మలాన్ని నల్లగా చేస్తుంది. అది చూసి భయపడి మానేసేవాళ్లున్నారు. నల్లగా రావడం వల్ల ప్రమాదమేమీ లేదని ముందే ఒక్క ముక్క చెబితే ఆ భయం ఉండదు. వేవిళ్లు తగ్గనివాళ్లకు పరగడుపున మాత్ర వేసుకుంటే వికారం ఎక్కువవుతుంది, రాత్రి భోజనమయ్యాక కాసేపు ఆగి వేసుకుంటే తట్టుకోగలరు. పరగడుపున ఐరన్ బాగా పడుతుందన్నది నిజమే, కానీ వాంతిలో పోయే మాత్రకంటే అన్నం తిన్నాక వేసుకున్న మాత్రే మేలు. అప్పటికీ పడకపోతే మానేయకుండా డాక్టరుకు చెప్పాలి. మాత్ర మార్చవచ్చు, అవసరమైతే ఐరన్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు.

ఇక ఇంటి పెద్దల మాటలు. "ఆ మాత్రలు వేడి చేస్తాయి", "బిడ్డ నల్లగా పుడుతుంది", "బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం." బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేది, ఐరన్‌తో దానికి సంబంధం లేదు. రక్తం బాగా తగ్గిన తల్లికి నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు ఎక్కువ. కాన్పులో కొంత రక్తం పోయినా ఆమె తట్టుకోలేదు. అయినా పెద్దావిడ భయం ప్రేమలోంచి పుట్టిందే. అందుకే పరీక్షకు అత్తగారినో అమ్మనో వెంట పిలిచి, వాళ్ల ఎదుటే చెప్పడం కోడలికి ఒంటరిగా చెప్పడంకన్నా బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డూ మాత్రలూ సంచిలో పడ్డాయో లేదో చూసేవారుండరు. అక్కడి ఏఎన్‌ఎం దగ్గర పేరు నమోదయ్యేలోపు వారాలు గడిచిపోతాయి. కాన్పయ్యాక మరో 180 రోజులు ఇవే మాత్రలు వాడాలన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. పథ్యమంటూ బాలింతకు కూరలు, పండ్లు తగ్గించే ఇళ్లలో సరిగ్గా ఆ నెలల్లోనే అట్ట బీరువాలోకి చేరుతోంది.