పాఠశాల సంగీతం: అరువు కారణాలపై నిలిచిన పాఠం

ప్రాథమిక పాఠశాలలో బోధనా సమయం చాలనప్పుడు సంగీతం పీరియడ్‌కు కోత పడడం చాలా దేశాల్లో కనిపించేదే. దీనికి మూలం ఇటీవలి నిర్ణయాల్లోకంటే, ఆ పాఠం తరగతి గదిలోకి వచ్చిన తీరులోనే ఎక్కువగా ఉంది. సంగీతం కోసమే సంగీతం నేర్పాలని బడి తలుపులు తెరిచిన సందర్భాలు చరిత్రలో తక్కువ.

అమెరికాలోని బోస్టన్ నగరంలో సంగీత ఉపాధ్యాయుడు లోవెల్ మేసన్ 1837లో ఒక బడి పిల్లలకు జీతం లేకుండా పాటలు నేర్పి చూపించిన తరువాత, 1838లో అక్కడి పాఠశాల కమిటీ సంగీతాన్ని ప్రభుత్వ బడుల పాఠ్యాంశాల్లో చేర్చింది. గానం బుద్ధికీ, నీతికీ, శరీరానికీ మేలు చేస్తుందన్నదే అప్పుడు కమిటీని ఒప్పించిన వాదన. జపాన్‌లో 1872 నాటి విద్యా చట్టం గానాన్ని పాఠ్యాంశంగా పేర్కొన్నా, ప్రస్తుతానికి బోధించనక్కరలేదని వదిలేసింది. విద్యాధికారి ఇసావా షూజీ చొరవతో 1880లో బోస్టన్ నుంచి మరో సంగీత ఉపాధ్యాయుడు లూథర్ వైటింగ్ మేసన్‌ను రప్పించి పాటల పుస్తకాలు సిద్ధం చేయించినప్పుడు, శీలనిర్మాణమే వాటి ప్రధానోద్దేశంగా చెప్పారు.

ఇంగ్లాండ్ దీనికి డబ్బు లెక్క జోడించింది. 1882 నిబంధనల ప్రకారం పిల్లలు స్వరలిపి చూసి పాడితే బడికి తలకు ఒక షిల్లింగు, విని నేర్చుకుని పాడితే అందులో సగం, అంటే ఆరు పెన్సులు గ్రాంటుగా దక్కేవి. పరీక్షకు నిలబడగలిగిన దానికే విలువ కట్టే అలవాటు సంగీతానికి అంటుకున్నది ఇలాంటి ఏర్పాట్ల వల్లనే.

దీనికి సమాంతరంగా మరో ధార ఉంది. పిల్లలకు నిజంగా మేలు చేసింది అదేనని నా అభిప్రాయం. ధ్వని ముందు, గుర్తు తరువాత అన్నది దాని సూత్రం. స్విట్జర్లాండ్ విద్యావేత్త పెస్టలోజీ బోధనా సూత్రాల ఆధారంగా ఫైఫర్, నేగెలీ 1810లో రూపొందించిన గాన బోధనలో ఇది కనిపిస్తుంది. ఇంగ్లాండ్‌లోని నారిచ్ నగరంలో సారా గ్లోవర్ చిన్నపిల్లల కోసం మన సరిగమల్లాంటి డో, రే, మీ అక్షరాలతో ఒక పద్ధతి తయారుచేయగా, జాన్ కర్వెన్ దానిని సవరించి, చేతి సంజ్ఞలు చేర్చి విస్తృతంగా వ్యాప్తిలోకి తెచ్చాడు. పిడికిలి బిగిస్తే ‘డో’, అరచేతిని నేలకు సమాంతరంగా చాపితే ‘మీ’, బొటనవేలు పైకి ఉండేలా అరచేతిని తమవైపు తిప్పుకుంటే ‘సో’. ఈ సంజ్ఞలనే హంగరీలో స్వరకర్త జోల్టాన్ కొడాయ్ పద్ధతి స్వీకరించింది. 1950లో అక్కడి కెచ్కెమేట్ పట్టణంలో ప్రారంభమైన సంగీత ప్రాథమిక పాఠశాలలో పాట రోజువారీ పాఠమైంది.

జెనీవాలో సంగీత అధ్యాపకుడు ఎమిల్ జాక్స్-డాల్క్రోజ్ తన విద్యార్థులు కాగితం మీద సరిగా రాస్తున్న స్వరమేళనాన్ని చెవితో గుర్తించలేకపోతున్నారని గమనించి, లయను నడక ద్వారా, శరీర కదలిక ద్వారా నేర్పసాగాడు. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పద్ధతి గునిల్డ్ కీట్‌మన్ సహకారంతో 1948లో జర్మనీలోని బవేరియా రేడియో ద్వారా పిల్లలకు చేరింది. ఓర్ఫ్ తరగతిలో వాడే జైలోఫోన్ (పలకలను చిన్న కర్రలతో కొట్టి వాయించే వాద్యం) పలకలు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. ఏడు స్వరాల్లో నాలుగోదైన ‘ఫా’, ఏడోదైన ‘టీ’ పలకలను ఉపాధ్యాయుడు ముందే తీసేస్తే, మిగిలిన ఐదు స్వరాల్లో పిల్లవాడు ఏది మోగించినా పక్కవారి వాయింపుతో పెద్దగా అపశ్రుతి పుట్టదు. తప్పు పోతుందేమోనన్న భయం లేకుండా తొలిరోజే స్వయంగా కల్పన చేయడానికి ఈ చిన్న ఏర్పాటు వీలు కల్పిస్తుంది.

అయినా విధాన నిర్ణేతలను కదిలించింది మళ్లీ పాత తరహా వాదనే. 1993లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనంలో 36 మంది కళాశాల విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విన్న తరువాత, ప్రాదేశిక తర్కానికి, అంటే ఆకారాలను మనసులో ఊహించుకునే నేర్పుకు సంబంధించిన ఒక పరీక్షలో కొద్దిసేపు మెరుగైన ఫలితం చూపారు. వారు పసిపిల్లలు కారు, ఆ అధ్యయనంలో సంగీతం విన్నారే తప్ప నేర్చుకున్నదీ లేదు. అయినా సంగీతం తెలివిని పెంచుతుందన్న ప్రచారం ఎంత దూరం వెళ్లిందంటే, 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ నవజాత శిశువులందరికీ శాస్త్రీయ సంగీత రికార్డింగులు పంచడానికి నిధులు ప్రతిపాదించాడు. అదే ఏడాది ఇంగ్లాండ్ ప్రభుత్వం చదవడం, రాయడం, లెక్కలకు సమయం కేటాయించేందుకు ప్రాథమిక బడుల్లో సంగీతం సహా పలు పాఠ్యాంశాల నిర్దేశాలను సడలించింది. గణితం కోసమో భాష కోసమో సంగీతం ఉండాలని వాదిస్తే, ఆ గణితాన్నీ భాషనూ నేరుగా నేర్పడానికే సమయం కావాలన్నవారికి బదులు చెప్పడం కష్టమవుతుంది.

ఇక బోధించేదెవరన్న ప్రశ్న మొదటి నుంచీ ఉన్నదే. చాలా దేశాల్లో అన్ని పాఠాలతోపాటు సంగీతాన్నీ తరగతి ఉపాధ్యాయులే చెబుతారు. తన గొంతు మీద తనకే నమ్మకం లేని ఉపాధ్యాయురాలు పాటను రికార్డుకు వదిలేసి పిల్లల్ని విననిస్తుంది. కొడాయ్, ఓర్ఫ్ పద్ధతులు రెండూ ప్రత్యేక శిక్షణ పొందినవారిని ఆధారంగా చేసుకుని ఎదిగినవే. ఆ శిక్షణకు వెచ్చించకుండా పాఠ్యప్రణాళికలో సంగీతం పేరును మాత్రం నిలిపి ఉంచిన చోట, పీరియడ్ మిగిలినా పిల్లలు పాడడం మిగలదు.