ఒకటే దెబ్బ, రెండు కేసులు

చిరంజీవులకు ఆశీస్సులు.

పేపర్లో 'ఫలానా ఆయన మీద కేసు' అని కనబడగానే మీకు బేడీలు, జైలు గుర్తొస్తాయి. కానీ మన కోర్టుల్లో జైలుతో ఏ సంబంధమూ లేని కేసులు లక్షల్లో నడుస్తున్నాయి. అందుకని ఏ కేసు గురించి విన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎవరి మీద ఎవరు వేశారు? ఏం కావాలని వేశారు? ఈ రెండూ తేలితే సగం చట్టం అర్థమైనట్టే.

రోడ్డు పక్కన నడిచిపోతున్న ఒకాయన్ని మోటారు సైకిలు గుద్దింది, కాలు విరిగింది అనుకోండి. పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టి, దర్యాప్తు చేసి, ఛార్జిషీటు వేస్తారు. ఇది క్రిమినల్ కేసు. దీన్ని నడిపేది ప్రభుత్వం, వాదించేది ప్రభుత్వ ప్రాసిక్యూటరు. కాలు విరిగినాయన ఇందులో ప్రధానంగా సాక్షి. నేరం రుజువైతే బండి నడిపినవాడికి జైలో, జరిమానానో పడుతుంది. మరి ఆస్పత్రి ఖర్చు? పనికి వెళ్లలేక పోయిన జీతం? వాటి కోసం ఆయన మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కోరుతూ వేరే పిటిషన్ వేసుకోవాలి. అక్కడ ఎదుటి పక్షంలో బండి యజమాని, బీమా కంపెనీ ఉంటారు. దెబ్బ ఒకటే, కేసులు రెండు. ఒకటి శిక్ష కోసం, ఇంకోటి పోయింది రాబట్టుకోవడం కోసం. ఈ రెండో రకాన్నే సివిల్ అంటారు.

క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం రావచ్చు. చాలామంది పెద్దవాళ్లకు కూడా ఇది మింగుడుపడదు. మనిషి స్వేచ్ఛ తీసేసే ముందు సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలంటుంది చట్టం. సివిల్ తగాదాలో అంత పట్టింపు లేదు. ఎవరి మాట జరగడానికి ఎక్కువ అవకాశం ఉందో తూచి, అటు మొగ్గుతారు. అందుకే ఒకే సాక్ష్యం ఒక కోర్టులో చాలకపోవచ్చు, ఇంకో కోర్టులో సరిపోవచ్చు.

నేరం అనేది ఒకే ముక్క కాదు, కొన్ని అంశాల కూర్పు. దొంగతనమే తీసుకోండి. వస్తువు కదిలించగలిగేది కావాలి, ఇంకొకరి స్వాధీనంలో ఉండాలి, వాళ్ల ఒప్పుదల ఉండకూడదు, కాజేయాలన్న దుర్బుద్ధి ఉండాలి, దాన్ని చోటు నుంచి కదిలించాలి. ఈ ఐదింటిలో ఒక్కటి తగ్గినా అది దొంగతనం కాదు. క్లాసులో మీ గొడుగనుకుని పక్కవాడి గొడుగు పట్టుకొచ్చేస్తే దుర్బుద్ధి లేదు కాబట్టి నేరం లేదు. పొలంలో నిలబడి ఉన్న చెట్టు భూమిలో భాగం, దాన్ని ఎవరూ 'దొంగిలించలేరు'. ఎత్తుకుపోదామని నరికి నేల నుంచి వేరు చేసిన క్షణాన అది కదిలించగల వస్తువు అవుతుంది, దొంగతనం అక్కడే పూర్తవుతుంది. వినడానికి చాదస్తంలా ఉంటుంది గానీ, ఈ చాదస్తమే లేకపోతే ఎవరినైనా దొంగ అనేయొచ్చు.

ఈ లెక్కలన్నీ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి. 1860 నాటి ఐపీసీ (భారత శిక్షా స్మృతి) స్థానంలో 2024 జులై 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. మోసానికి పాత సెక్షన్ 420, ఇప్పుడది 318లోకి చేరింది. తిట్టు మాత్రం పాతదే నడుస్తోంది!

మోసం దగ్గరే జనం ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. అప్పు తీసుకున్నవాడు తీర్చలేదని నేరుగా స్టేషన్‌కి వెళ్తారు. 'ఇది సివిల్ మేటరు' అని పంపేస్తే పోలీసులు పట్టించుకోలేదని బాధపడతారు. చాలాసార్లు పోలీసులు చెప్పిందే సరైనది. తీసుకునేటప్పుడే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉంటేనే మోసం. అప్పుడు మంచి ఉద్దేశంతోనే తీసుకుని, తర్వాత వ్యాపారం దెబ్బతిని ఇవ్వలేకపోతే అది మాట తప్పడమే, నేరం కాదు. దానికి దావా వేయాలి, అదీ మూడేళ్లలోపు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు ఈ గడువు నోటు రాసిన తేదీ నుంచే లెక్క. గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. మూడేళ్లు నిండకముందే అప్పు తీసుకున్నవాడు కొంత చెల్లించి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. గడువు అయిపోయాక రాయించిన చెల్లుకు ఆ బలం లేదు. నోరులేని కాగితం కదా అని బీరువాలో పెట్టి మర్చిపోయేవాళ్లు పోగొట్టుకునేది ఇలాగే.

అప్పుకి చెక్కు ఇచ్చి అది డబ్బుల్లేక తిరిగొస్తే కథ మారుతుంది. దాన్ని చట్టమే నేరం చేసింది. కానీ అంచెలు తప్పకూడదు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక చెల్లించడానికి 15 రోజులు టైమివ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే, ఆపైన నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. 'రేపిస్తా, ఎల్లుండిస్తా' అన్న మాటలు నమ్మి ఆ నోటీసు గడువు దాటించుకున్న వాళ్లకు లెక్కలేదు.

ఇక మీ వయసు సంగతి. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య అయితే, చేసిన పని మంచిచెడ్డలు తెలిసేంత పరిణతి ఆ బిడ్డకు ఉందా అని చూస్తారు. పద్దెనిమిది నిండనివాళ్ల కేసులు జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, వాళ్ల పేరు, ఫొటో బయటపెట్టకూడదు. పదహారు దాటినవాళ్లు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, పెద్దవాళ్లలా విచారించాలా అన్నది బోర్డు పరిశీలిస్తుంది. చిన్నపిల్లలం, మాకేం కాదు అనుకుని నాన్న బండి తీశారనుకోండి, శిక్ష ఆయనకు పడుతుంది: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. మీకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పైగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం కట్టి, ఆ మొత్తం బండి యజమాని దగ్గర వసూలు చేసుకునే అవకాశమూ ఉంది.

ఎప్పుడైనా ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే కథలు వద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు అన్నవి వరసగా రాయండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకండి. తర్వాత కోర్టులో ఎదుటి లాయరు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీకు దగ్గర్లోని స్టేషన్ వాళ్లు ఫిర్యాదు తీసుకోవాలి, దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. ఎవరినైనా అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ఇది రాజ్యాంగం చెప్పిన మాట. దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సాక్షి చేత సంతకం చేయించకూడదు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నానన్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు.

ఇంటికి సివిల్ కోర్టు నుంచి సమన్లు వస్తే భయపడి తీసుకోకుండా తిప్పి పంపేవాళ్లున్నారు. అది అన్నిటికంటే చెడ్డ ఉపాయం. సమన్లు తెచ్చిన కోర్టు మనిషి తీసుకోలేదని రాస్తే అందినట్టే లెక్క వేసి, వాయిదాకు రాలేదని మీ వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ (ఏకపక్ష తీర్పు) ఇచ్చేస్తారు. ఆ డిక్రీని రద్దు చేయమని అడగడానికి ఉండేది 30 రోజులే, అదీ రాలేకపోవడానికి సరైన కారణం చూపగలిగితేనే. కాబట్టి సమన్లు తీసుకుని, కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ చూసి, వెంటనే లాయరు దగ్గరికి వెళ్లాలి. జవాబు దావాకు సాధారణంగా 30 రోజుల టైముంటుంది. కోర్టు ఒప్పుకుంటే అది 90 రోజుల దాకా పెరుగుతుంది. లాయరుకు డబ్బుల్లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు దానికి ఆదాయ పరిమితి కూడా లేదు. ఆ సంస్థ ఫోన్ నంబరు 15100.