నిజాం తలపాగా గుర్తుతో స్పిట్‌ఫైర్లు

రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ అనగానే లండన్ గుర్తొస్తుంది, హైదరాబాద్ కాదు. కానీ 1940 వేసవిలో వార్మ్‌వెల్ వైమానిక స్థావరం నుంచి ఎగిరి ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని జర్మన్ విమానాల నుంచి కాచిన బ్రిటిష్ వైమానిక దళపు 152వ స్క్వాడ్రన్ పేరులోనే ‘హైదరాబాద్’ ఉండేది. దాని ముద్ర మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తలపాగా. విమానాల కోసం ఆయనిచ్చిన విరాళానికి దక్కిన గౌరవం అది. హరికేన్ అనే మరో రకం యుద్ధవిమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్‌దీ, మొదటి ప్రపంచ యుద్ధం నాటి 110వ స్క్వాడ్రన్‌దీ అదే పేరు. ఆ సొమ్ము ఎవరి శిస్తుల్లోంచి పోయిందో తెలంగాణ పల్లెలను అడగాలి. మనం విమానం దగ్గరికి వద్దాం.

1936 మార్చి 5న తొలిసారి ఎగిరిన స్పిట్‌ఫైర్‌కు దాని రూపకర్త ఆర్.జె. మిచెల్ బృందం అండాకారపు రెక్క పెట్టింది. చూడముచ్చటగా ఉంటుంది గానీ అది అందం కోసం చేసింది కాదు. రెక్క పలచగా ఉంటేనే వేగం. అందులోనే చక్రాలు మడుచుకోవాలి, ఎనిమిది తుపాకులు పట్టాలి. విమానానికి అతికే మొదలు దగ్గర వెడల్పు బాగా ఉండి, చివర్లోనే సన్నబడే ఆకారం ఈ లెక్క కుదిర్చింది. రెక్క కొనల దగ్గర సుడి తిరిగే గాలి వల్ల కలిగే లాగుడు తగ్గడం అదనపు లాభం.

నన్నడిగితే అసలు గొప్పతనం ఆ రెక్కకున్న మెలికలో ఉంది. మొదలు నుంచి కొన వరకు దాన్ని సుమారు రెండున్నర డిగ్రీలు కిందికి తిప్పారు. శత్రువు వెనక బిగువుగా మలుపు తిరిగేటప్పుడు రెక్క గాలికి మరీ నిటారుగా లేస్తే, గాలి దాని పైభాగాన్ని వదిలేస్తుంది, పట్టు పోతుంది. అదే స్టాల్. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణ పొందే కుర్రాళ్లూ నేర్చుకునే పాఠమే. మెలిక వల్ల స్పిట్‌ఫైర్‌లో స్టాల్ ముందు రెక్క మొదట్లో పుడుతుంది. విమానమంతా వణుకుతుంది. కొనల దగ్గరున్న ఎయిలరాన్లు, అంటే విమానాన్ని పక్కకు ఒరిగించే కదిలే పలకలు, మాత్రం ఇంకా మాట వింటుంటాయి. అంటే, పడిపోయే ముందు విమానమే పైలట్‌ను హెచ్చరిస్తుందన్నమాట.

ఆ పైలట్లు ఎంతటివాళ్లు? 152లో అందరూ ‘బాయ్’ అని పిలిచిన ఎరిక్ మార్స్‌కు అప్పటికి 19 ఏళ్లు. అలాంటి వయసువాళ్లు ఆ వణుకు అంచునే మలుపు తిప్పుతూ పోరాడారు. మార్స్ 1941 జూలై 24న ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ మీద దాడిలో చనిపోయాడు.

లోపం మాత్రం ఇంజిన్లో ఉంది. స్పిట్‌ఫైర్ ఇంజిన్ పేరు మెర్లిన్. దానికి గాలితో కలిపి పెట్రోలు అందించే కార్బురేటర్ తొట్టిలో పెట్రోలు స్థాయిని తేలే బిళ్ల చూసుకునేది. ముక్కు ఒక్కసారి కిందికి నెడితే, స్పీడ్ బ్రేకర్ మీద ఆర్టీసీ బస్సు చివరి సీట్లో మనం లేచినట్టు, పెట్రోలు తొట్టి పైకి ఎగిరేది. ఇంజిన్ దగ్గేది. వెంటనే పెట్రోలు మరీ ఎక్కువై మునిగేది. ఇంధనాన్ని నేరుగా చిమ్మే జర్మన్ యుద్ధవిమానం మెస్సర్‌ష్మిట్‌కు ఈ బాధ లేదు, తిన్నగా కిందికి దూకి తప్పించుకునేది. వెంటపడాలంటే స్పిట్‌ఫైర్ పైలట్లు ముందు విమానాన్ని తలకిందులు చేయాలి, ఆ కాస్త సేపట్లోనే వేట చేజారేది.

1941లో ఫార్న్‌బరోలోని బ్రిటిష్ విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసే ఇంజినీర్ బియాట్రిస్ షిల్లింగ్ దీనికి చిన్న వాషర్‌లాంటి బిళ్లతో మందు కనిపెట్టింది. ఇంధనం గొట్టంలో దాన్ని పెడితే, దాని రంధ్రంలోంచి ఇంజిన్‌కు కావలసినంతే పోతుంది, ముంచేంత పోదు. విమానాలు విప్పకుండానే బిగించవచ్చు. మోటార్ సైకిల్ పందేల్లో పాల్గొన్న మనిషి, ఎయిర్‌ఫీల్డులు తిరిగి వాటిని పెట్టించింది. తలకిందులుగా ఎక్కువసేపు ఎగరడానికి మాత్రం అది చాలలేదు. ఆ తర్వాత ఒత్తిడితో ఇంధనాన్ని పంపే ప్రెషర్ కార్బురేటర్లు వచ్చాకే ఆ తలనొప్పి పూర్తిగా తీరింది.