గదికి ఒక్క వస్తువు చాలు: ఇంటి అలంకరణపై అపోహలు - వాస్తవాలు

"మా బడ్జెట్ తక్కువండీ, పెద్దగా ఏం చేయలేం కదా?" ఇంటీరియర్ పనిలో ఉన్నవాళ్లకి ఈ మాట వినిపించని రోజుండదు. కానీ అలా అన్నవాళ్ల హాల్లో ఒకసారి కూర్చుంటే, డబ్బు ఎటు పోయిందో అక్కడే కనిపిస్తుంది. ప్లాస్టిక్ పూలగుత్తులు, గోడ స్టిక్కర్లు, సేల్‌లో వచ్చిన మూడు ఫ్రేముల సెట్టు, రెండు రకాల లైట్ తోరణాలు. విడివిడిగా ఏదీ ఖరీదైంది కాదు. అన్నీ కలిపితే మాత్రం ఒక మంచి వస్తువు ఖరీదు తేలుతుంది.

నేను అందరికీ చెప్పేది ఒకటే. గదిలోకి రాగానే చూపు నిలిచే వస్తువు ఒక్కటి పెట్టండి, మిగతావి దానికి చోటివ్వాలి. మా పనిలో దాన్ని స్టేట్‌మెంట్ పీస్ అంటాం. ఆ ఒక్కటి పెట్టడానికి అడ్డుపడే నమ్మకాలు చాలానే ఉన్నాయి.

అపోహ: స్టేట్‌మెంట్ పీస్ అంటే పెద్ద షోరూంలో కొనాలి

వాస్తవం: ముందు మీ ఊళ్లో అటక వెతకండి. అమ్మమ్మగారింట్లో వాడకం మానేసిన ఇత్తడి గంగాళం ఉంటే, హాలు మూలలో దాన్ని మించిన వస్తువు ఏ షోరూంలోనూ దొరకదు. అందులో మట్టి పోయకుండా, మొక్కని దాని కుండీతో సహా లోపల దించండి. లోపల ఒక పళ్లెం పెడితే నీళ్లు ఇత్తడికి తగలవు. చింతపండు, ఉప్పుతో తోమాక వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, తడి ఉంటే మర్నాటికే మచ్చలొస్తాయి. మొత్తం తళతళలాడాలని కూడా లేదు. అంచు ఒక్కటీ మెరిసి, కడుపు భాగం పాత రంగులో ఉంటేనే నాకు ఎక్కువ నచ్చుతుంది.

అటకలో ఏమీ లేకపోతే మన చేతిపనులున్నాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుతో లాంప్ షేడ్లు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ తోలుని పల్చగా, వెలుగు దూరేలా శుభ్రం చేసి, బొమ్మ గీసి, నగలూ అంచులూ వచ్చే చోట్ల సన్నటి చిల్లులు కొడతారు. పగలు అదొక రంగుల బొమ్మ. సాయంత్రం లోపల దీపం వెలిగించగానే ఎరుపు, ఆకుపచ్చ రంగులు లోపలినుంచి వెలుగుతాయి, చిల్లుల్లోంచి పడే చుక్కలు గోడ మీదికి పాకుతాయి. అప్పుడు ఆ గదిలో ఇంకేం పెట్టాలన్న ఆలోచనే రాదు. ఒక్క జాగ్రత్త: లోపల తక్కువ వాట్ల ఎల్‌ఈడీ మాత్రమే వాడండి. పాతకాలం బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది.

అపోహ: చిన్న గదికి చిన్న వస్తువులే పెట్టాలి

వాస్తవం: ఈ నమ్మకం వల్ల పాడైన హాళ్లు నేను చూసినన్ని ఇంకే కారణంతోనూ చూడలేదు. పది బై పన్నెండు హాల్లో అరచేతి సైజు ఫ్రేములు పది పెడితే, కన్ను పదిసార్లు ఆగాలి, గది ఇంకా ఇరుగ్గా అనిపిస్తుంది. అదే గోడకి నాలుగడుగుల కలంకారీ వస్త్రం ఒక్కటి పెడితే చుట్టూ గోడ ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీయే గదిని పెద్దగా చూపిస్తుంది.

కొలత సులువు. సోఫా ఎంత పొడవో చూసి, దాని వెనక పెట్టేది అందులో మూడింట రెండు వంతులు ఉండేలా చూసుకోండి. ఆరడుగుల సోఫాకి నాలుగడుగులు. దాని కింది అంచుకీ సోఫా వీపుకీ మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. మన ఇళ్లలో పటాలన్నీ గుమ్మం పైన, ముందుకి వంచి వేలాడదీసే అలవాటుంది కదా, అదే అలవాటుతో బొమ్మల్నీ పైకి ఎక్కించేస్తాం. దేవుడి పటాలకి, పెద్దల ఫొటోలకి ఆ ఎత్తు సరే. చూసి ఆనందించాల్సిన బొమ్మకి మధ్యభాగం నేలనుంచి అయిదడుగులకి కాస్త తక్కువలో ఉండాలి. కొనేముందు పాత న్యూస్‌పేపర్లు ఆ సైజుకి అతికించి, టేపుతో గోడకి పెట్టి రెండు మూడు రోజులు ఇంట్లో తిరుగుతూ చూడండి. సైజు సరిపోతుందో లేదో కన్నే చెప్పేస్తుంది.

కలంకారీ అన్నాను కాబట్టి ఒక మాట. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. చేత్తో గీసిందానికి పని ఎక్కువ, ధరా ఎక్కువే. బడ్జెట్ తక్కువైతే పెడన అద్దకం గుడ్డ మీటర్ల లెక్కన కొని, చెక్క ఫ్రేముకి బిగించుకోండి, నిండుగా ఉంటుంది. రెండూ కానిది మెషీన్ ప్రింటు. వెనక్కి తిప్పి చూడండి. అసలైన కలంకారీలో రంగు బట్టలోకి ఇంకి వెనకవైపూ కనిపిస్తుంది, చాలా ప్రింట్లకి వెనక తెల్లగా ఉంటుంది. చేత్తో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నడుస్తుంది, రెండు పువ్వులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఏది కొన్నా నేరుగా ఎండ పడే గోడకి మాత్రం వద్దు. సహజ రంగులు ఎండకి వెలిసిపోతాయి.

చిన్నవాటినీ తీసేయనక్కర్లేదు. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు ఇల్లంతా ఒక్కొక్కటి చల్లకుండా ఒకే బల్ల మీద గుంపుగా పెడితే, ఆ గుంపే ఒక పెద్ద వస్తువులా నిలుస్తుంది.

అపోహ: ఫాల్స్ సీలింగ్ లేకపోతే హాలుకి లుక్కు రాదు

వాస్తవం: మన ఫ్లాట్లలో స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర, పది అడుగులు. ఫాల్స్ సీలింగ్ అందులోంచి ఆరు, ఎనిమిది అంగుళాలు తినేస్తుంది. ఏసీ పైపులు, వైర్లు దాచాల్సిన చోట అది పనికొచ్చేదే. అందం కోసమే అయితే ఆ డబ్బులో చిన్న వంతుతో లైట్లు మార్చండి.

మన ఇళ్లలో సాయంత్రం అందాన్ని చంపేది కప్పు మధ్యనుంచి కొట్టే తెల్లటి ట్యూబులైటు. బల్బు డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది నీలం కలిసిన తెల్లటి కాంతి. చదువుకునే బల్లకి, వంట గట్టుకి బావుంటుంది. హాల్లో 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్నవి తెచ్చుకోండి. కప్పు లైటు ఆపి, మూలలో ఒక నిలువు దీపం, సోఫా పక్కన ఒక బల్ల దీపం పెట్టి చూడండి. ఇత్తడి, టేకు, చేనేత అన్నీ ఆ పసుపు కాంతిలోనే బతుకుతాయి. ఇంట్లో ఒక్కటే మార్చగలను అని ఎవరైనా అడిగితే నేను లైట్లే చెప్తాను.

అపోహ: అద్దం పెడితే గది పెద్దదవుతుంది

వాస్తవం: అద్దం ఎదురుగా ఏముంటే అది రెట్టింపవుతుంది. కిటికీకి ఎదురుగా పెడితే వెలుగు రెండింతలు, చెప్పుల స్టాండు ఎదురుగా పెడితే చెప్పులు రెండింతలు. గోడకి కొట్టేముందు అక్కడ ఎవర్నైనా పట్టుకోమని, రోజూ కూర్చునే చోటునుంచి చూడండి.

అపోహ: అద్దె ఇంట్లో ఏం చేసినా దండగే

వాస్తవం: గోడకి పెట్టిన ఖర్చు ఓనరుదైపోతుంది, వస్తువుకి పెట్టింది మీతో వస్తుంది. నేల మీద నిలబడేవి కొనండి: దీపం, గంగాళం, మంచి జంపఖానా. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నూలువి కాబట్టి మన ఎండలకి సరిగ్గా సరిపోతాయి, మడిచి ఆటోలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. పెద్ద ఫ్రేముని గోడకి కొట్టకుండా బల్ల మీద ఆనించి పెట్టినా బావుంటుంది. పిల్లలున్న ఇంట్లో మాత్రం జారకుండా కట్టు వేయాలి.

ఓనరు రంగుకి ఒప్పుకుంటే ఒక్క గోడకే వేయండి. పదడుగుల పొడవు, తొమ్మిదిన్నర ఎత్తు అంటే 95 చదరపు అడుగులు. నున్నటి గోడకి రెండు కోట్లు వేసినా రెండు లీటర్ల ఎమల్షన్ పెయింటు సరిపోతుంది.

అపోహ: సెకండ్ హ్యాండ్ ఫర్నిచర్ ఇంటికి పురుగు తెస్తుంది

వాస్తవం: చూడకుండా కొంటే తెస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో గురువారాలు పాత సామాను దొరుకుతుంది. పాత ఇళ్లు పడగొట్టే చోట గుమ్మాలు, తలుపులు, అదృష్టం బావుంటే భోషాణం కూడా దొరుకుతాయి. హాల్లో టీవీ యూనిట్ చేయించే డబ్బుతో భోషాణం కొని, దానిమీదే టీవీ పెట్టుకోవచ్చు. లోపల పరుపులూ దుప్పట్లూ పడతాయి.

కొనేముందు వంగి అడుగుభాగం చూడండి. సూదిమొన సైజు రంధ్రాలు, వాటికింద మెత్తటి పిండి ఉంటే పుచ్చు పురుగు ఇంకా లోపలే ఉంది, వదిలేయండి. రంధ్రాలుండి, దులిపినా పిండి రాలకపోతే పాత పుచ్చు అయ్యుండొచ్చు, మందు కొట్టించి వాడుకోవచ్చు. పైన ఎంత పాలిష్ కొట్టినా సొరుగు వెనకవైపు, కాళ్ల అడుగున కొట్టరు, కర్ర అసలు రంగు అక్కడే తెలుస్తుంది. టేకని చెప్పి వేరే కర్రకి రంగు పూసి అమ్మినా అక్కడ దొరికిపోతుంది. అతుకుల దగ్గర కర్ర చీలల బదులు కొత్త స్క్రూలు కనిపిస్తే ఎక్కడ మరమ్మతు చేశారో అడగండి. బేరం కుదిరాక డబ్బిచ్చే ముందు మీ లిఫ్టు, వీధి తలుపు, మెట్ల మలుపు టేపుతో కొలుచుకోండి. భోషాణం మెట్ల మలుపులో ఇరుక్కుంటే దించడానికి అయ్యే కూలీ కూడా మీ బడ్జెట్‌లోంచే పోతుంది.