ఎవరో ఇచ్చిన పేరు తెలియని మొక్క: అపోహలు, వాస్తవాలు

తడి న్యూస్‌పేపర్లో చుట్టిన కొమ్మ ఒకటి చేతిలో పెట్టి "చాలా మంచిదట, పెట్టుకో" అంటారు. మన ఇళ్లలో సగం మొక్కలు ఇలా వచ్చినవే. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండే రకాలు కాబట్టి పేరు లేకుండానే స్థిరపడిపోతాయి. నేను వృక్షశాస్త్రం చెబుతానని పాత విద్యార్థులు, బంధువులు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంటారు. ఫొటోతో పాటు వచ్చే నమ్మకాల గురించే ఈ పోస్టు.

అపోహ: ఆకు ఫొటో యాప్‌లో పెడితే పేరు తెలిసిపోతుంది.

యాప్ చెప్పేది పోలికను బట్టి వేసే అంచనా. అదీ ఒక్క ఆకు చూసి. మనీప్లాంట్‌నే తీసుకోండి. సీసాలో ఉన్నప్పుడు దాని ఆకు అరచేతిలో పట్టేస్తుంది. అదే తీగ పెద్ద చెట్టెక్కితే ఆకు చేటంత పెరిగి, అంచులు చీలుతుంది. రణపాల లేతగా ఉన్నప్పుడు విడి ఆకులేస్తుంది, ముదిరాక ఒకే కాడకు మూడో ఐదో చిన్నాకులు వస్తాయి. రెండు ఫొటోలు పెడితే యాప్ రెండు పేర్లు చెప్పినా ఆశ్చర్యం లేదు.

నాకు ఫొటో పంపేవాళ్లను అడిగేది ఒకటే: కణుపు చూపించండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయా? కాండం గుండ్రమా, నలుపలకలా? ఎదురెదురు ఆకులు, నలుపలకల కాండం, నలిపితే ఘాటు వాసన... ఈ మూడూ ఉంటే చాలావరకు తులసి కుటుంబమే. వాసన ఫొటోలో రాదు కదా, అది మీరే చెప్పాలి.

అపోహ: పువ్వు పూసేదాకా ఏమీ చెప్పలేం.

సగం నిజం. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కల్ని వర్గీకరించింది పువ్వులోని కేసరాలు (మగ భాగాలు), కీలాలు (ఆడ భాగాలు) లెక్కపెట్టే. ఇప్పటికీ అనుమానం తీర్చేది ఎక్కువగా పువ్వే. మళ్లీ మనీప్లాంట్ దగ్గరికే వస్తాను, ఎందుకంటే దాని కథ భలే ఉంటుంది. 1880లో దాన్ని పోథోస్ అనే ప్రజాతిలో చేర్చారు. 1960ల మొదట్లో ఒక మొక్క పూస్తే గానీ అది పోథోస్ కాదని తేలలేదు. 1964లో దాని శాస్త్రీయనామం ఎపిప్రెమ్నం ఆరియం అయింది. పూత రాకపోవడానికి కారణం జిబ్బరెల్లిన్ హార్మోన్ తయారీకి కావలసిన జన్యువులో లోపమని 2016లో బయటపడింది. కాబట్టి మీ ఇంట్లో పూస్తుందని ఎదురుచూడకండి. (దొంగిలించి తెస్తేనే డబ్బొస్తుందన్న మాట మీద నాకు చెప్పడానికి శాస్త్రమేమీ లేదు. పక్కింటివాళ్లని అడిగితే ఇచ్చేస్తారు.)

కొన్నిటికి పువ్వుతో పనే లేదు. ఆకు కొన సాగి నులితీగలా చుట్టుకుంటోందా? మన వైపు దొరికే మొక్కల్లో అయితే ముందు అడవినాభి అనుకోవాలి. దాని దుంపలో, గింజలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది. ఆ దుంపను తినే దుంప అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

అపోహ: ఇచ్చినవాళ్లు పేరు చెప్పారు, ఇంకేం కావాలి?

బజ్జీలు వేసుకునే వాము ఆకు మొక్కకు, వాము గింజలిచ్చే మొక్కకు చుట్టరికమే లేదు. మొదటిది తులసి కుటుంబం, రెండోది కొత్తిమీర కుటుంబం. ఇది బజ్జీల వరకే కాబట్టి ఏ గొడవా లేదు. "బ్రాహ్మి" అంటూ ఇచ్చేది గుండ్రటి ఆకుల సరస్వతి ఆకూ కావచ్చు, చిన్న మందపాటి ఆకులతో నేలమీద పాకే బకోపా కూడా కావచ్చు. "ఇన్సులిన్ మొక్క" పేరుతో రెండు మూడు రకాలు తిరుగుతున్నాయి. నారింజ పువ్వు పూసేదొకటి, పసుపు మీద ఎర్ర చారలున్నదొకటి. ఏదైనా సరే, అందులో ఇన్సులిన్ ఉండదు, దాన్ని నమ్ముకుని మాత్రలు మానేయకూడదు.

అసలు భయపడాల్సింది తిప్పతీగ విషయంలో. కరోనా రోజుల్లో ప్రతి గోడకూ ఎక్కించారు. దానికి దగ్గరి బంధువు టినోస్పోరా క్రిస్పా. అదీ హృదయాకారపు ఆకే, అదీ తీగే. కాండం నిండా మొటిమల్లాంటి బుడిపెలుంటే అనుమానించండి. పోలిక వల్ల దాన్ని తిప్పతీగ అనుకుని వాడితే హాని జరగవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో హెచ్చరించింది.

అపోహ: పాలు కారితే విషం.

పనసకూ సపోటాకూ పాలు కారతాయి. అయితే జిల్లేడు, జెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పేరు తెలియని కొమ్మ తుంచాక చేతులు కడుక్కోండి, అంతే.

అపోహ: పక్షులు తింటే మనమూ తినొచ్చు.

ముష్టి చెట్టు పండ్లను హార్న్‌బిల్ పక్షులు తింటాయి. దాని గింజలో ఉండేది స్ట్రిక్నిన్ అనే విషం.

అపోహ: ఎండిపోయింది, ఇక పారేయడమే.

దుంప మొక్కలు చాలావరకు కొంతకాలం పూర్తిగా ఎండి, మళ్లీ మొలుస్తాయి. అడవినాభి తొలకరికి లేస్తుంది. కుండీ పారేసే ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. దుంప గట్టిగా ఉంటే బతికే ఉంది. ఉల్లిగడ్డలాంటిది దొరికితే కోసి వాసన చూడండి. ఉల్లి వాసన రాలేదంటే అది ఉల్లి జాతి కాదు. లిల్లీల గడ్డలు చాలావరకు విషమే, వంటగదిలో పెట్టకండి.

ఇంత చేసినా తేలకపోతే పూతో కాయో ఉన్న కొమ్మను న్యూస్‌పేపర్ల మధ్య బరువు పెట్టి ఆరనివ్వండి. ఎక్కడ దొరికింది, ఏ తేదీన తుంచారు, పువ్వు రంగేమిటి అన్నది చీటీ మీద రాయండి. ఆరాక రంగు పోతుంది కాబట్టి ఆ చివరిది మరిచిపోవద్దు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో చూపించండి. హైదరాబాద్‌లో భారత వృక్షశాస్త్ర సర్వే కేంద్రం, తిరుపతి, అనంతపురం విశ్వవిద్యాలయాల్లో హెర్బేరియంలు (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట్లు) ఉన్నాయి.