టౌన్ హాల్ కట్టింది ఊరు కూడడానికే

విశాఖ పాత టౌన్ హాల్‌ను కళాకేంద్రంగా నడపాలంటే "అంత పాత బిల్డింగ్‌లో నాటకాలేంటి?" అని అడిగేవాళ్లున్నారు. అది ఎలా పుట్టిందో తెలిస్తే ఆ ప్రశ్న రాదు.

1897లో విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండాయి. ఆ గుర్తుగా బొబ్బిలి రాజావారి విరాళంతో, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో, వన్ టౌన్‌లో ఈ రాతి కట్టడం లేచింది. పేరు రాణిది, వాడకం మాత్రం ఊరిది. అప్పట్లో ఊరంటే వన్ టౌనే మరి.

1933లో 'జలదుర్గ' ఓడ రాకతో కొత్త హార్బర్ మొదలైంది. పోర్టు, ఆ తర్వాత షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్. జనం పెరిగారు, ఊరు ద్వారకానగర్, సిరిపురం వైపు జరిగిపోయింది. మునిసిపల్ ఆఫీసు కూడా వెళ్లిపోయింది. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం అటువైపే వచ్చాయి. పాత ఊళ్లో రాళ్లు మిగిలాయి.

ఆ రాళ్లకు సముద్రమే పెద్ద పరీక్ష. ఉప్పుగాలి, వానాకాలం తేమ కలిసి గోడలోకి దిగుతాయి. ఎండ కాసినప్పుడు నీరు ఆరిపోతుంది, ఉప్పు మాత్రం తెల్లగా పైకి పొంగుతుంది. పాతకాలపు డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నం, తేమను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే తేమ లోపలే ఇరుక్కుని రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. పైకి గట్టిగా కనబడుతుంది కాబట్టి చాలామంది మేస్త్రీలు సిమెంటే వాడేస్తారు. పాత కట్టడాలకు చాలా నష్టం అలాగే జరిగింది.

2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖకు చోటు దక్కింది. ఆ పథకం కిందే టౌన్ హాల్‌కూ, పాత మునిసిపల్ భవనానికీ మరమ్మతులు జరిగాయి. సంతోషమే. కానీ రిబ్బన్ కట్టింగ్‌లకూ, ఫొటోలకూ మాత్రమే తలుపులు తీస్తే ఆ పని సగమే అయినట్టు.

చిన్న నాటక సమాజానికి వేల సీట్ల హాలు అక్కర్లేదు. డ్యూటీ దిగి వచ్చిన పదిమంది రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా రిహార్సల్ చేసుకోవడానికి ఒక గది, ఒక ఫ్యాను, భరించగలిగే అద్దె కావాలి. హరికథ చెప్పేవారికి, వీణ నేర్పేవారికి, బొమ్మలు వేసే పిల్లలకు కూడా అంతే. వన్ టౌన్ పిల్లలు సిరిపురం దాకా వెళ్లనక్కర్లేకుండా నడిచొచ్చేంత దూరంలోనే, ఈ టౌన్ హాల్‌లో, ఆ గది ఉంది. దాని తాళం సాయంత్రం ఎవరు తీస్తారో, అద్దె ఎంతో తేల్చి, గేటు దగ్గర బోర్డు మీద రాయించండి.